అల్లామీ అబుల్ ఫజల్ – సూరేకారం పాఠం

అబుల్ ఫజల్ పేరు మనకు కొత్త కాదు. అక్బరు పాదుషా నవరత్నాలలో ఒకరని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. అక్బర్‌నామా రాసినది ఆయనేనని పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అంతటితో ఆ పేరు మరచిపోయాం. ఆ మహా పండితుడు రాసిన పుస్తకంలో మన పిల్లలకు సైన్సు పాఠంగా పనికివచ్చే పేజీ ఒకటి ఉందంటే చాలామంది నమ్మరు. నీళ్ళలో కరిగిన ఉప్పుకూ, వేడికీ ఉన్న సంబంధం అందులో కనిపిస్తుంది. ఈ సంచికలో ఆయన జీవితం చెప్పుకుంటూ, ఆ పేజీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలని మా ఉద్దేశం.

అబుల్ ఫజల్ పూర్వీకులు యెమెన్ దేశం నుంచి సింధుకు, అక్కడి నుంచి రాజస్థానంలోని నాగోరుకు వచ్చి స్థిరపడినవారు. తండ్రి షేక్ ముబారక్ గొప్ప ఆలిమ్. 1543లో ఆగ్రా చేరి, యమున ఒడ్డున ఇల్లు కట్టుకుని, విద్యార్థులకు పాఠాలు చెప్పుకుంటూ బతికారు. పెద్ద కొడుకు ఫైజీ 1547లో పుట్టారు. రెండవ కొడుకు అబుల్ ఫజల్ పుట్టింది 1551 జనవరి 14న. ఫైజీ పెద్ద కవి అయ్యారు. తమ్ముడు వచన రచనలో ఫారసీ భాషకే ఒక కొలబద్ద అయ్యారు.

అయిదేళ్ళకే చదవడం వచ్చిన పిల్లవాడు ఇరవై ఏళ్ళు నిండేసరికి తానే పాఠాలు చెప్పే స్థితికి వచ్చారు. ఆ రోజుల ముచ్చట ఒకటి చెబుతారు. ఒక గ్రంథం రాతప్రతి ఆయన చేతికి వచ్చింది. ప్రతి పేజీలోనూ సగం కాలిపోయి ఉంది. ఆయన కాలిన భాగాన్ని కత్తిరించి, కొత్త కాగితం అతికించి, మిగిలిన సగం పంక్తిని చూసి పోయిన సగాన్ని ఊహించి పూర్తి చేశారట. తర్వాత ఎక్కడో పూర్తి ప్రతి దొరికితే పోల్చి చూశారు. తేడాలు బహు కొద్దిగా ఉన్నాయట. ఎంతవరకు నిజమో గానీ, సగం చూసి మిగతా సగం కోసం వెతికే స్వభావం మాత్రం ఆయన రాతలన్నిటిలోనూ కనబడుతుంది.

ఆ ఇంట్లో చదువుకు లోటు లేదు గానీ నెమ్మది కరువయింది. షేక్ ముబారక్ ఏ విషయాన్నీ విచారించకుండా ఒప్పుకునే మనిషి కాదు. మహ్దవీ శాఖ వారి పట్ల సానుభూతి ఉందని ఆయన మీద నింద పడింది. దర్బారులో పలుకుబడి గల పెద్దలు పగబట్టారు. ఒక దశలో తండ్రీ కొడుకులు ఇల్లు విడిచి, రాత్రిళ్ళు ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి మారుతూ తలదాచుకున్నారు. నిన్నటిదాకా స్నేహితులమన్నవారే తలుపులు వేసుకున్నారు. చివరకు పాదుషా పాల తమ్ముడు మీర్జా అజీజ్ కోకా మాటసాయం చేయగా ఆ గండం గడిచింది. ఆకలీ భయమూ ఎరిగిన ఇంటి నుంచి వచ్చిన మనిషి కాబట్టే, పెద్ద ఉద్యోగంలోకి వెళ్ళాక కూడా చిన్న పనుల మీద ఆయన చూపు పోలేదని మేము అనుకుంటాం.

ఫైజీ 1567లో దర్బారుకు వెళ్ళారు. అబుల్ ఫజల్ 1574లో పాదుషా ఎదుటికి వచ్చారు. అప్పుడు ఆయన సమర్పించిన కానుక ఆయతుల్ కుర్సీ మీద రాసిన వ్యాఖ్యానం. తర్వాత ఫతేపూర్ సిక్రీలో సూరా ఫతహ్ మీద రాసిన వ్యాఖ్యానం సమర్పించారు. షేక్ ముబారక్ దగ్గరే చదువుకున్న ముల్లా బదాయూనీ కూడా అదే ఏడు దర్బారులో చేరారు. ఒకే గురువు దగ్గర చదివిన ఈ ఇద్దరూ తర్వాత ఎదురెదురు దారులు పట్టారు. అబుల్ ఫజల్ మతాభిప్రాయాల మీద ఆనాటి నుంచీ ఈనాటి దాకా వాదోపవాదాలు ఉన్నాయి. ఆ తీర్పు చెప్పడం మా పని కాదు. ఆయన విద్య విషయంలో మాత్రం పగవారికి కూడా రెండో మాట లేదు.

ఆయన భోజనం గురించి తర్వాతి కాలం వారు రాసిన సంగతి ఒకటి ఆడవాళ్ళకూ పిల్లలకూ నచ్చుతుంది. రోజుకు ఇరవైరెండు సేర్ల ఆహారం తినేవారని ప్రతీతి. భోజనాల దగ్గర కొడుకు అబ్దుర్ రహ్మాన్ నిలబడి వడ్డించేవారు. వంటల అధికారి పక్కన నిలబడి, ఏ వంటకాన్ని రెండుసార్లు రుచి చూశారో గమనించి, మర్నాడు మళ్ళీ అదే చేయించేవాడు. ఏదైనా చప్పగా ఉంటే అబుల్ ఫజల్ ఒక్క మాట అనకుండా దాన్ని కొడుకు వైపు జరిపేవారు. కొడుకు రుచి చూసి వంటల అధికారికి అందించేవాడు. అంతే, ఎవరికీ తిట్లు లేవు.

ఇక ఆయన పుస్తకం సంగతి. అక్బర్‌నామా పాదుషా చరిత్ర. దాని చివరి భాగమే ఆయినె అక్బరీ. 1598 ప్రాంతంలో పూర్తయింది. దాని మీద ఏడేళ్ళు కష్టపడి, అయిదుసార్లు తిరగరాసినట్టు ఆయనే చెప్పుకున్నారు. అందులో యుద్ధాలూ విజయాలూ తక్కువ. ఖజానా ఎలా నడుస్తుంది, టంకశాలలో వెండిని ఎలా శుద్ధి చేస్తారు, ఏనుగుకు రోజుకు మేత ఎంత, వంటింట్లో ఏ వంటకానికి ఏ సరుకు ఎన్ని సేర్లు, కూలివాని రోజు కూలి ఎంత – ఇలాంటివే నిండా ఉన్నాయి. మన ప్రాంతం పేరు కూడా అందులో ఉంది. బేరారు సుబా సర్కార్ల జాబితాలో తెలంగానా అనే సర్కారు కనిపిస్తుంది. అప్పటికి మన ఖమ్మం సీమ మొగలాయీల కింద లేదు. గోల్కొండలో ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఏలుతున్నారు. 1591లో హైదరాబాదు నగరానికి పునాది వేసినవారు ఆయనే.

ఆయినె అక్బరీలో ఆబ్‌దార్‌ఖానా, అంటే మంచినీళ్ళ శాఖ, గురించి ఒక చిన్న అధ్యాయం ఉంది. పాదుషా ఇంట ఉన్నా, ప్రయాణంలో ఉన్నా గంగ నీళ్ళే తాగేవారట. నమ్మకమైన మనుషులు ఒడ్డున ఉండి, జాడీలకు సీలు వేసి పంపేవారు. ఆ నీళ్ళు చల్లబరచడానికి వాడినది సూరేకారం. ఫారసీలో షోరా అంటారు. తుపాకి మందులో పడే ఉప్పు కాబట్టి మన తెలుగువాళ్ళు పెట్లుప్పు అని కూడా అన్నారు. తుపాకి మందులో నిప్పు పుట్టించే పదార్థమే నీళ్ళకు చల్లదనం ఇస్తున్నదన్న విచిత్రం అబుల్ ఫజల్‌ను ఆకర్షించింది. ఆయన దాన్ని వర్ణించి ఊరుకోలేదు. ఎలా తయారవుతుందో, ఎలా వాడతారో, ధర ఎంతో కూడా రాశారు.

తయారీ ఇది. సూరేకారం ఒక రకం చవిటి మట్టిలో ఉంటుంది. అడుగున చిల్లులున్న పాత్రలో ఆ మట్టి నింపి పైన నీళ్ళు పోస్తారు. కిందికి కారిన నీటిని పట్టి, కాచి, శుభ్రం చేసి, గడ్డకట్టనిస్తారు. వాడకం ఇది. ఒక సేరు మంచినీళ్ళను వెండి లాంటి లోహపు కూజాలో పోసి మూతి బిగిస్తారు. వేరే పాత్రలో అయిదు సేర్ల నీళ్ళు పోసి రెండున్నర సేర్ల సూరేకారం వేస్తారు. ఆ నీళ్ళలో కూజాను పావుగంట సేపు అటూ ఇటూ తిప్పుతారు. కూజాలో నీళ్ళు చల్లబడతాయి. తాగే నీళ్ళలో సూరేకారం కలవదన్న సంగతి గమనించాలి.

ఈ నాలుగు వాక్యాలలోనే ఉంది అసలు పాఠం. మన పిల్లల హైస్కూలు పుస్తకంలో ద్రావణం, గాఢత, సంతృప్త ద్రావణం అనే మాటలు వస్తాయి. నీళ్ళలో ఉప్పు కరిగితే అది ద్రావణం. ఎన్ని నీళ్ళలో ఎంత ఉప్పు ఉందో చెప్పేది గాఢత. ఇక కరగను అని ఉప్పు అడుగున నిలిచిపోతే అది సంతృప్త ద్రావణం. నీళ్ళు ఎంత ఉప్పును మోయగలవో వేడి నిర్ణయిస్తుంది. అయితే అన్ని ఉప్పుల మీదా వేడి ఒకేలా పనిచేయదు.

లెక్క చూద్దాం. నూరు గ్రాముల నీళ్ళలో సూరేకారం 0 డిగ్రీల దగ్గర సుమారు 13 గ్రాములు మాత్రమే కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 32, 40 దగ్గర 64, 60 దగ్గర 110, మరిగే నీళ్ళలో 240 గ్రాములకు పైగా కరుగుతుంది. మనం కూరలో వేసుకునే ఉప్పు అలా కాదు. 20 డిగ్రీల దగ్గర 36 గ్రాములు కరిగితే, మరిగే నీళ్ళలో కూడా 39 గ్రాములకు మించదు. వేడి పెరిగినా మామూలు ఉప్పు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. సూరేకారం నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతుంది.

ఈ తేడాయే సూరేకారం చేసే పనివాడి రహస్యం. చవిటి మట్టి నుంచి దిగిన నీళ్ళలో సూరేకారంతోబాటు మామూలు ఉప్పు కూడా ఉంటుంది. ఆ నీళ్ళను కాచి ఇగిర్చితే ముందు మామూలు ఉప్పుకు చోటు చాలక అడుగున పడుతుంది. వేడి నీళ్ళు సూరేకారాన్ని మాత్రం మోస్తూనే ఉంటాయి. ఆ వేడి నీళ్ళను తేర్చి వేరే తొట్టిలో చల్లారనిస్తే, ఈసారి సూరేకారం స్ఫటికాలుగా దిగుతుంది. 60 డిగ్రీల దగ్గర నూరు గ్రాముల నీళ్ళలో 110 గ్రాములు ఉంటే, 20 డిగ్రీలకు చల్లారేసరికి 32 గ్రాములే నిలుస్తుంది. మిగిలిన 78 గ్రాములూ చేతికి వస్తుంది. ద్రావణం గాఢత నూటికి 52 పాళ్ళ నుంచి 24 పాళ్ళకు పడిపోయిందన్నమాట. ఇలా రెండు మూడుసార్లు కరిగించి చల్లార్చితే తెల్లని కల్మీ షోరా తయారవుతుంది. అబుల్ ఫజల్‌కు మూడు వందల ఏళ్ళ ముందే, 1295లో చనిపోయిన సిరియా దేశీయుడు హసన్ అల్ రమ్మాహ్ సూరేకారం శుద్ధిలో కట్టె బూడిద వాడే పద్ధతి రాసి ఉంచారు.

ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడే చోటు ఒకటి ఉంది. ఉప్పు నీళ్ళను వేడి చేసినంత మాత్రాన గాఢత పెరగదు. మూత బిగించిన సీసాను వేడి చేస్తే ఉప్పు అంతే, నీళ్ళు అంతే. తూకం లెక్కన గాఢత మారదు. ద్రావణం కాస్త వ్యాకోచిస్తుంది గనుక లీటరు లెక్కన చూస్తే కొద్దిగా తగ్గుతుంది కూడా. మూత తీసి మరిగిస్తే నీళ్ళు ఆవిరై గాఢత పెరుగుతుంది. అడుగున కరగని ఉప్పు మిగిలి ఉంటే, వేడికి అది కూడా కరిగి గాఢత పెరుగుతుంది. చల్లార్చినప్పుడు మోయలేనిది బయటపడి గాఢత తగ్గుతుంది. ఈ మాటలు విడివిడిగా అర్థమైతే పాఠమంతా అర్థమైనట్టే.

మరి నీళ్ళు చల్లబడటం ఎందుకు? సూరేకారం కరగడానికి వేడి కావాలి. ఆ వేడిని చుట్టూ ఉన్న నీళ్ళ నుంచే లాక్కుంటుంది. నీళ్ళు పది డిగ్రీల పైనే చల్లబడగలవు. అబుల్ ఫజల్ చెప్పిన పాళ్ళు చూడండి. అయిదు సేర్లకు రెండున్నర, అంటే నూటికి యాభై. నీళ్ళు చల్లబడేకొద్దీ అంత సూరేకారాన్ని మోయలేవు. కొంత అడుగున మిగిలిపోతుంది. చల్లదనమే చల్లదనానికి హద్దు వేస్తుంది. వాడేసిన నీళ్ళను కాచి ఇగిర్చితే ఆ సూరేకారం మళ్ళీ దొరుకుతుంది.

ఈ ఉపాయాన్ని అబుల్ ఫజల్ పాదుషా ఘనతగా రాశారు. ఆస్థానంలో ఉన్నవారు అలా రాయడం వింత కాదు. 13వ శతాబ్దపు అరబ్బీ వైద్య చరిత్రకారుడు ఇబ్న్ అబీ ఉసైబియా గ్రంథంలోనే సూరేకారంతో నీళ్ళు చల్లబరచడం ప్రస్తావన ఉంది. కానీ సేర్ల లెక్కతో, ఎవరైనా చేసి చూసుకునేటట్టు రాసి పెట్టినందుకు అబుల్ ఫజల్‌కు మనం రుణపడి ఉన్నాం.

ఇది ఎక్కడో ఆగ్రా సంగతి అనుకోనక్కరలేదు. మన తిరుమలాయపాలెం మండలంలో పత్తి, మిరప వేసే రైతులందరికీ 13-0-45 అనే ఎరువు తెలుసు. అది సాక్షాత్తూ సూరేకారమే, పొటాషియం నైట్రేటు. లీటరు నీళ్ళకు పది గ్రాముల చొప్పున పిచికారీ చేస్తారు. ముందుగా బకెట్టులో చిక్కగా కలిపేటప్పుడు చేయి పెట్టినవారికి ఆ చల్లదనం తెలుస్తుంది. యూరియా కలిపినప్పుడు కూడా అంతే. చలికాలం తెల్లవారుజామున చిక్కగా కలిపితే త్వరగా కరగదు, అడుగున నిలుస్తుంది. గోరువెచ్చని నీళ్ళు పోస్తే కరుగుతుంది. అక్బరు ఆబ్‌దార్‌ఖానాలో జరిగిందీ, మన చేను గట్టు మీద జరిగేదీ ఒకటే. పాత మట్టిగోడల అడుగున, పశువుల కొట్టంలో తెల్లగా పొంగే చౌడులో కూడా ఈ జాతి ఉప్పే ఉండవచ్చు. పేడ, మూత్రాల నుంచి మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి.

అబుల్ ఫజల్ రాతలో ఒక లోటు కూడా చెప్పుకోవాలి. మట్టి తవ్వినవాడు, తొట్టి దగ్గర నిలబడినవాడు, పొయ్యి ముందు కళ్ళు మండించుకున్నవాడు ఎవరో ఆ పేజీలో లేదు. బీహారులో నూనియా కులస్థులు తరతరాలుగా ఆ పని చేశారు. డచ్చివారూ ఇంగ్లీషువారూ సూరేకారం కోసమే పాట్నాలో కాపువేశారు. 1758లో ఈస్టిండియా కంపెనీ బీహారు సూరేకారం మీద గుత్తాధికారం సంపాదించింది. దాంతో ఐరోపా యుద్ధాలలో ఫిరంగులు పేలాయి. పనివానికి మాత్రం ఒంటి మీద గుడ్డ మారలేదు. మన దగ్గర చవిటి మట్టి నుంచి ఉప్పు తీసిన ఉప్పరుల కథా ఇంచుమించు అదే. విద్య చేతిలో ఉండి, అక్షరం చేతిలో లేకపోతే ఫలితం ఇంకొకరి ఇంటికి పోతుంది.

ఇక ఆయన చివరి రోజులు. తండ్రి 1593లో, అన్న ఫైజీ 1595లో పోయారు. 1599లో పాదుషా ఆయనను దక్కను యుద్ధానికి పంపారు. కలం పట్టిన మనిషి కత్తి పట్టి, అసీర్‌గఢ్ ముట్టడిలో పాల్గొన్నారు. 1601లో ఆ కోట లొంగింది. అదే కాలంలో రాజకుమారుడు సలీం అలహాబాదులో తండ్రి మీద తిరగబడ్డాడు. పాదుషా అబుల్ ఫజల్‌ను వెంటనే రమ్మని కబురు పెట్టారు. ఆయన వస్తే తన ఆటలు సాగవని సలీం ఓర్ఛా బుందేలా నాయకుడు బీర్‌సింగ్ దేవ్‌ను దారి కాయమన్నాడు.

ఈ సంగతి అబుల్ ఫజల్‌కు ముందే తెలిసింది. వేరే దారిన వెళ్ళమన్నారు, వినలేదు. 1602 ఆగస్టు 12న గ్వాలియరు దగ్గర ఆంత్రీ సమీపంలో బుందేలాలు చుట్టుముట్టారు. ఆంత్రీలో రెండు మూడు వేల గుర్రపు దళం ఉంది, అక్కడికి తప్పుకుందామని తోటివారు బతిమాలారు. పాదుషా ఉప్పు తిని దొంగలకు వెన్ను చూపడం ఆయనకు ఇష్టం లేకపోయింది. అక్కడే పోరాడి ప్రాణం విడిచారు. వయసు 51 ఏళ్ళు. తలను అలహాబాదుకు పంపారు. మొండెం ఆంత్రీలో సమాధి అయింది.

ఆ వార్త అక్బరుకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తైమూరు వంశంలో రాజకుమారుడు చనిపోతే ఆ మాట నోటితో అనే ఆచారం లేదు. అతని వకీలు చేతికి నీలి రుమాలు కట్టుకుని పాదుషా ముందుకు వస్తాడు. అబుల్ ఫజల్ విషయంలో కూడా అలాగే చేశారట. రాజవంశంలో పుట్టనివానికి ఆ గౌరవం దక్కింది. సలీం తర్వాత జహంగీరు పాదుషా అయ్యి, ఆ హత్య చేయించినది తానేనని తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు. భోజనాల దగ్గర వడ్డించిన కొడుకు అబ్దుర్ రహ్మాన్‌కు అఫ్జల్ ఖాన్ బిరుదు ఇచ్చి, 1608లో బీహారు సుబేదారును చేసింది కూడా ఆ జహంగీరే. తండ్రి ఏ సూరేకారం గురించి రాశారో, దానికే తర్వాత పేరుపడిన సీమను కొడుకు ఏలాడు.

ఆ పుస్తకం కథ అక్కడితో అయిపోలేదు. 1855లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఎంతో శ్రమపడి ఆయినె అక్బరీని పరిష్కరించి ఢిల్లీలో అచ్చు వేయించారు. ముందుమాటగా కవిత రాయమని మీర్జా గాలిబ్‌ను అడిగారు. గాలిబ్ రాశారు గానీ మెచ్చుకోలేదు. ఆవిరి యంత్రాలూ, తంతి వార్తలూ వచ్చిన రోజుల్లో పాత కాలపు కట్టడలతో పనేమిటన్నది ఆయన భావం. సయ్యద్ అహ్మద్ ఆ కవితను పుస్తకంలో చేర్చలేదు. తర్వాతి కాలంలో అలీగఢ్‌లో కాలేజీ పెట్టి ఆధునిక విజ్ఞానం వైపే నడిచారు. 1873లో బ్లాక్‌మన్ ఇంగ్లీషు అనువాదం మొదటి సంపుటం కలకత్తాలో పూర్తయ్యాక ప్రపంచమంతా ఆ పుస్తకాన్ని చదివింది.

గాలిబ్ మాటలో నిజం ఉంది. తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపించుకుంటే ఏ జాతికీ కడుపు నిండదు. కానీ సూరేకారం పేజీ అలాంటి గొప్ప కాదు. అది చేసి చూడదగిన పని. నేటికీ ఆ లెక్క తప్పదు. పాత పుస్తకాన్ని ముద్దుపెట్టుకుని అటక మీద పెట్టడం ఒక పద్ధతి. తెరిచి, పరీక్షించి, ఎందుకు అలా అవుతుందో అడగడం మరొక పద్ధతి. ఈ రెండవదే మన పిల్లలకు కావాలి.

అందుకు సూరేకారం అవసరం లేదు. అది అగ్గికి తోడయ్యే పదార్థం, పిల్లల చేతికి ఇవ్వకూడదు. కిరాణా కొట్టులో దొరికే పటిక చాలు. ఒక గ్లాసు చల్లని నీళ్ళలో పటిక పొడి ఎన్ని చెంచాలు కరుగుతుందో, వేడి నీళ్ళలో ఎన్ని కరుగుతుందో లెక్కపెట్టించండి. పక్కనే మామూలు ఉప్పుతో అదే పని చేయించండి. పటిక వేసిన వేడి నీళ్ళలో ఒక దారం వేలాడదీసి రాత్రంతా కదపకుండా ఉంచితే, తెల్లారేసరికి దారానికి స్ఫటికాలు పట్టుకుని ఉంటాయి. చెంచాల లెక్కను పిల్లల చేతనే నోటు పుస్తకంలో రాయించండి.

మన కుటుంబాలలో మోటారు మెకానిక్కులున్నారు, దూదేకేవారున్నారు, అత్తరు అమ్మేవారున్నారు, బిర్యానీ దేగిశాల ముందు నిలబడి ఆవిరి చూసి అన్నం పదును చెప్పే వంటమేస్త్రీలున్నారు. వారికి తెలిసిన విద్యలో ఎంత సైన్సు ఉందో ఎవరూ రాసి పెట్టలేదు. చదువుకుంటున్న మన అబ్బాయిలూ అమ్మాయిలూ ఆ చాచాల దగ్గర, నానాల దగ్గర కూర్చుని అడిగి, పాళ్ళతో సహా రాసుకోవాలి. అబుల్ ఫజల్ వదిలేసిన పనివాని పేరును ఈసారి మొదటి పంక్తిలోనే రాయాలి.